అర్థం కాలేదని చెప్పలేని విద్యార్థి

చదవడు, శ్రద్ధ లేదు, ఎంత చెప్పినా బుర్రకెక్కదు, అడిగితే నోరు విప్పడు. హైస్కూళ్లలో వెనక బెంచీ పిల్లల గురించి తరచూ వినిపించే మాటలివి. ఏళ్ల తరబడి, వేర్వేరు సబ్జెక్టుల ఉపాధ్యాయులు ఒకే పిల్లవాడి గురించి ఇలా అంటూ ఉంటే, అసలు ఇబ్బంది భాష దగ్గర ఉందేమో చూడాలి. వినికిడి లోపం, ఆటిజం, మేధోవైకల్యం వంటి కారణమేదీ లేకపోయినా కొందరు పిల్లలకు చిన్నప్పటి నుంచీ మాటలు పట్టుబడవు. విన్న పెద్ద వాక్యం మనసులో నిలవదు, చెప్పదలచింది వరసగా చెప్పడం రాదు. దీనికి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అనే పేరు ఖాయమైంది 2017లోనే, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త డొరొతీ బిషప్ చొరవతో సాగిన నిపుణుల చర్చల తర్వాత. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో, బడిలో చేరిన తొలి ఏళ్ల పిల్లలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇది దాదాపు 7.5 శాతం మందిలో కనిపించింది. అంటే 30 మంది ఉన్న తరగతిలో ఇద్దరు. నత్తి ఉన్న పిల్లల కష్టం చాలాసార్లు నోరు తెరవగానే తెలిసిపోతుంది. భాషా లోపం ఉన్నవారి కష్టం పైకి కనపడదు. ఇలాంటి విద్యార్థికి హైస్కూల్లో అందాల్సిన తోడ్పాటులో పెద్ద భాగం సబ్జెక్టు ఉపాధ్యాయుడు పాఠం చెప్పే తీరులోనే ఉంది. అందుకు వైకల్య సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ప్రాథమిక పాఠశాలలో బొమ్మలు, కథలు, రోజంతా ఒకరిద్దరు టీచర్లు ఉంటారు కాబట్టి ఈ పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. ఆరో తరగతికి వచ్చాక పరిస్థితి మారిపోతుంది. పీరియడ్‌కో ఉపాధ్యాయుడు, ఒక్కొక్కరిది ఒక్కో మాటతీరు. సైన్సులో కిరణజన్య సంయోగక్రియ, సాంఘికశాస్త్రంలో సార్వభౌమాధికారం వంటి సంస్కృత పదాలు గుంపులుగా వచ్చి పడతాయి. అసమాపక క్రియలు ఒకదాని వెంట ఒకటి దొర్లి, అసలు క్రియ ఎక్కడో చివర తగిలే వాక్యాలు పాఠ్యపుస్తకం నిండా ఉంటాయి. ప్రశ్నలో ‘పోల్చండి’ అన్నా ‘కారణాలు తెలపండి’ అన్నా ఏం రాయమంటున్నారో తెలియక, ఇలాంటి విద్యార్థి తనకు గుర్తున్న పేరానే రాసి వస్తాడు. గైడు చూసి బట్టీ పట్టడం, పక్కవాడి నోటుబుక్కు చూసి ఎక్కించుకోవడం కొంతకాలం ఆదుకుంటాయి. ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే ఆ ఆసరా కూడా పోతుంది. ‘అర్థమైందా?’ అంటే అందరితోపాటు ‘అర్థమైంది సార్’ అంటాడు. అర్థం కానిది ఏమిటో విడమరిచి అడగాలంటే కావలసింది అతనికి కరువైన ఆ భాషే. భాషా ఇబ్బందులున్న పిల్లలను ఏడేళ్ల వయసు నుంచి యౌవనం దాకా గమనించిన మాంచెస్టర్ అధ్యయనంలో, 16 ఏళ్లు వచ్చేసరికి వారిలో ఆందోళన, కుంగుబాటు తోటివారికంటే ఎక్కువగా కనిపించాయి. నష్టం మార్కులతో ఆగడం లేదన్నమాట.

ఇదంతా మీడియం సమస్యే కదా అని మన దగ్గర వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్‌కు మారిన పిల్లలు తడబడటం, గోండి, లంబాడీ ఇంటి భాషగా ఉన్నవారికి బడి తెలుగే కొత్తగా ఉండటం నిజమే. కానీ రెండు మూడు భాషల మధ్య పెరగడం వల్ల ఈ లోపం రాదు. ఉన్న లోపం మాత్రం పిల్లవాడు మాట్లాడే ప్రతి భాషలోనూ బయటపడుతుంది. తేడా పట్టుకోవడానికి ఒక తొలి గుర్తు ఉంది. నిన్న చూసిన సినిమా కథో క్రికెట్ మ్యాచో ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పమనాలి. ఇంగ్లిష్ రాక ఇబ్బంది పడుతున్న విద్యార్థి అప్పుడు గలగలా చెబుతాడు. భాషా లోపం ఉన్న విద్యార్థి అక్కడా ఎవరు ఎవరిని ఏమన్నారో కలగాపులగం చేస్తాడు, ‘అదే… వాడు… అది’ దగ్గరే ఆగిపోతాడు. దీంతోనే నిర్ధారణకు రాకూడదు. భయం, బిడియం వల్ల కూడా మాట పెగలకపోవచ్చు. నిపుణుల దగ్గరకు పంపాలా వద్దా అనేది తేల్చుకోవడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

పదమూడేళ్లు వచ్చాక ఇంకేం మారతాడన్నది రెండో అభ్యంతరం. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మంచిదన్న మాటలో సందేహం లేదు. అయితే ఆలస్యమైతే లాభం లేదనడానికి ఆధారాలు ఒప్పుకోవు. సర్రేలోని ఒక ప్రత్యేక పాఠశాలలో భాషా లోపం ఉన్న 9 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు 72 మందికి విడివిడిగా ఇచ్చిన స్పీచ్ థెరపీ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఎంచుకుని నేర్పిన అంశాల్లో వారు మెరుగయ్యారు. విని అర్థం చేసుకోవడంలో లోటు ఉన్నవారూ వెనకబడలేదు. థెరపిస్టు లేని చోట ఏమవుతుందన్న ప్రశ్నకు 2019లో ఇంగ్లండ్‌లోనే వెలువడిన మరో పరిశోధన కొంత జవాబిస్తుంది. మామూలు హైస్కూళ్లలో చదివే, భాషా లోపం ఉన్న 350 మందికి పైగా విద్యార్థులతో సాగిన ఆ పరిశోధనలో కథనం, పదసంపద నేర్పింది శిక్షణ పొందిన బోధనా సహాయకులే. వచ్చిన మార్పు చిన్నదే అయినా స్పష్టమైనది. కౌమారంలో దారి మూసుకుపోతుందన్న నమ్మకంతో చేతులెత్తేయడానికి వీల్లేదని ఈ రెండూ చెబుతున్నాయి.

తరగతిలో చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు నోరు విప్పనివారూ మాట్లాడారు. కొత్త పాఠానికి ముందు అందులోని ఐదారు ముఖ్యపదాలు బోర్డు మీద రాసి, విడగొట్టి, ఒక్కొక్కటీ పలికించి, సొంత వాక్యంలో వాడించాలి. కిరణాల వల్ల జరిగే సంయోగం అని విప్పి చెబితే కిరణజన్య సంయోగక్రియ సగం దిగుతుంది. మూడు పనులు ఒక్క గుక్కలో చెప్పే బదులు ఒకటొకటిగా చెప్పాలి. ‘అర్థమైందా’ అని అడిగే బదులు ‘ఇప్పుడు ఏం చేయాలో నువ్వు చెప్పు’ అనాలి. ‘పోల్చండి’ అనే ప్రశ్నకు రెండు గళ్ల పట్టిక గీసి చూపాలి. తప్పు వాక్యం చెబితే నవ్వనివ్వకుండా, దాన్నే సరిచేసి మామూలుగా తిరిగి పలకాలి. తరగతిలో నత్తి ఉన్న విద్యార్థి కూడా ఉంటే, అతని మాటను మనం పూర్తి చేయకూడదు. పైకి చదవడం, సెమినార్ చెప్పడం అతనితో ముందుగా మాట్లాడుకుని చేయించాలి.

సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలని ఉపాధ్యాయుడిపై ఇంకో భారమా అన్న మాటలో న్యాయం ఉంది. అయితే పైన చెప్పినవేవీ ఒక్కరి కోసం విడిగా చెప్పే పాఠాలు కావు. ముఖ్యపదాల పట్టిక, మూడు సెకన్ల విరామం, విడగొట్టిన సూచన మొత్తం తరగతికీ పనికొస్తాయి, మీడియం మారి తడబడుతున్న పిల్లలకు మరీ ఎక్కువగా. ఇది మిగతావారికి అన్యాయం చేసే రాయితీ అన్న వాదనా నిలవదు. సైన్సు పరీక్ష సైన్సును కొలవాలి. ప్రశ్న అర్థం కాక పోయిన మార్కులు సైన్సు రాక పోయిన మార్కులుగా లెక్కపడటమే అసలైన అన్యాయం.

అన్నీ ఉపాధ్యాయుడి నెత్తినే వేసి వ్యవస్థ పక్కకు తప్పుకోకూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో వాక్, భాషా వైకల్యం ఉంది. కానీ దాని నిర్వచనం స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే అఫేసియా వంటి వాటి వల్ల కలిగే శాశ్వత వైకల్యం చుట్టూ తిరుగుతుంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం నిర్వచనంలో మాట్లాడే భాషను గ్రహించడంలో లోటు కూడా ఉన్నా, రాయితీలు చాలావరకు 40 శాతం సర్టిఫికెట్‌తో ముడిపడ్డాయి. వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ఆ శాతం రాని పిల్లవాడికి కష్టం లేదనుకోవడం పొరపాటు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించాలి. ఆ జాబితాలో భాషా వికాసంలో జాప్యం ఉంది. సమగ్ర శిక్షా కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైస్కూలు ఉపాధ్యాయుల శిక్షణలో ఈ లోపాన్ని గుర్తించడం ఒక పాఠం కావాలి. భవిత సిబ్బంది హైస్కూళ్లకూ వచ్చి ఉపాధ్యాయులతో కూర్చోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మార్కులు తగ్గిన ప్రతిసారీ ట్యూషన్ మార్చే ముందు, పిల్లవాడు ఇంట్లో ఒక సంగతిని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలుగుతున్నాడో లేదో గమనించండి. చెప్పలేకపోతుంటే ముందు వినికిడి పరీక్ష చేయించి, ఆపైన స్పీచ్ థెరపిస్టును కలవండి. ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. ఒక పిల్లవాడిని మొద్దు అని తేల్చే ముందు, మన మాట అతనికి చేరిందో లేదో ఒక్కసారి పరీక్షించి చూడండి.