మర బెల్టు జారుటకుఁ గారణములు

గ్రామ పెద్దలారా!

కోతలు ముగిసి వడ్లు ఇల్లు చేరిన దినములలో పల్లెలోని చిన్న మర ఒక్కపూట నిలిచినచో ఎన్ని ఇండ్లకు ఇబ్బంది కలుగునో మీకు వేఱుగఁ జెప్పనక్కఱలేదు. చర్ల, దుమ్ముగూడెము వైపు అడవి పల్లెలలో నుండువారు క్రొత్త బెల్టు కొఱకు భద్రాచలము పోయి వచ్చుట యనఁగా ఆనాటి పని పోఁగొట్టుకొనుటయే. మర నిలుచుటకుఁ దఱచుగ బెల్టే కారణము. అది చెడుటకు ముందు కొన్ని గుర్తులు చూపును. వానిని గూర్చి నేఁడు మీతో ముచ్చటింపఁదలఁచితిని.

మోటారు బలమును మరకుఁ జేర్చునది బెల్టు. పుల్లీని అది పట్టుకొనుటకు మేకు లేదు, ముడి లేదు; ఒరపిడి మాత్రమే కలదు. బెదరిన ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు వేసి పట్టినచో పిల్లవాఁడైనను దానిని నిలుపఁగలఁడు గదా! ఇచటి సూత్రమును అదియే. బిగువు తగ్గినను, పట్టు తగ్గినను, చుట్టు తగ్గినను బెల్టు జారును. జారినచో వేఁడెక్కును, వేఁడెక్కినచో రబ్బరు గట్టిపడి నునుపెక్కును, నునుపెక్కినచో మఱింత జారును. కావున జారుట రోగము కాదు, రోగలక్షణము. కారణ మెఱుఁగక బిగించుచుఁ బోవుట వైద్యము కాదు.

పూర్వము తోలుతోను, గుడ్డతోను జేసిన వెడల్పు పట్టాలు వాడుకలో నుండెను. ఇప్పుడు చిన్న మరలలో ఎక్కువగా నున్నవి అడుగున సన్నమై పైన వెడల్పగు రబ్బరు బెల్టులు. ‘ఏ’ రకము పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, మందము 8. ‘బి’ రకము వెడల్పు 17, మందము 11. రకము, పొడవు బెల్టు వీఁపుననే అచ్చువేసి యుండును. అవి చెరిగిపోకమునుపే వ్రాసి యుంచుకొనుట మంచిది. ఇట్టి బెల్టు తన రెండు ప్రక్కలతో గాడిని బట్టుకొనును. దాని అడుగు గాడి అడుగును తాఁకరాదు.

ఇఁక గుర్తులు. మర మొదలిడునపుడు కీచుమని యఱచినచో బెల్టు వదులైనదని తలఁపవచ్చును. పుల్లీల నడుమ మీటరు దూర మున్నచో, నడిమి భాగమును వ్రేలితో నొక్కఁగా సుమారు 16 మిల్లీమీటర్లు దిగుట తగిన బిగువు. మోటారు పాదపు బోల్టులను వదులుచేసి కొంచెము వెనుకకు జరిపి సరిచేయవలయును. క్రొత్త బెల్టు మొదట సాగును గనుక ఒకటి రెండు దినముల పిమ్మట మరలఁ జూడవలయును. అతిగా బిగించినచో బేరింగులు కాలి, బెల్టు కంటె ఎక్కువ ఖర్చు తెచ్చును.

ఒక అంచే అరుగుచున్నను, బెల్టు మాటిమాటికి ఊడుచున్నను పుల్లీలు వరుసలో లేవని యర్థము. రెండు పుల్లీల ముఖముల మీఁదుగ ఒక దారమును బిగలాగి చూడుఁడు. అది ఒక్కొక్క పుల్లీకి రెండు చోట్ల చొప్పున నాలుగు చోట్ల తాఁకవలయును. ఎచటనైన సందు కనఁబడినచో మోటారును ఆ మేరకుఁ ద్రిప్పవలయును.

బిగువు సరియై, వరుస సరియై, ఇంకను జారుచున్నదా? గాడి అడుగును జూడుఁడు. అది అద్దమువలె మెఱయుచున్నచో గాడి అరిగినది. క్రొత్త బెల్టు కొన్నను ఫలము లేదు, పుల్లీనే మార్పవలయును. నూనె కారుచున్నచో మొదట దానిని మాన్పవలయును, రబ్బరునకు నూనె శత్రువు. కొందఱు గుగ్గిలపు పొడి చల్లుదురు. అది గడియసేపు పట్టు నిచ్చును గాని, తవుడు అంటుకొని పేరుకొని బెల్టును నాశనము చేయును. తడి వడ్లు పోసినను, మరలో ఱాయి చిక్కినను బెల్టు జారును; అప్పుడది మరను గాపాడుచున్నదని యెఱుఁగుఁడు. రెండు మూఁడు బెల్టులు ప్రక్కప్రక్కన నున్నచోట అన్నిటిని ఒక్కసారిగ మార్పవలయును. లేనిచో పాతవి సాగి యుండుటచే బరువంతయు క్రొత్తదాని మీఁదఁ బడి అది త్వరగాఁ దెగును. గడ్డపాఱతో ఎక్కించినచో లోపలి పేటలు తెగి, బెల్టు పైకి బాగుగఁ గన్పించుచునే కొలఁది దినములలో పాడగును.

ముఖ్యమైన మాట యొకటి మిగిలినది. తిరుగుచున్న బెల్టుకడ చేసిన పొరపాటునకు దిద్దుబాటు లేదు. నిమిషమునకు 1440 చుట్లు తిరుగు మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగును. 15 సెంటీమీటర్ల పుల్లీ మీఁద బెల్టు సెకనుకు 11 మీటర్లు పరుగిడును. ఉత్తరీయపు కొంగుగాని, చీర చెఱఁగుగాని చిక్కినచో చేయి వెనుకకుఁ దీయు వ్యవధి యుండదు. తిరుగుచున్న యంత్రముకడకుఁ బోవువాఁడు శిక్షణ పొందినవాఁడై, ఒడలికి బిగువైన దుస్తులు ధరింపవలెనని 1948 సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము విధించెను. పల్లె మర ఫ్యాక్టరీ కాకపోవచ్చును. ప్రాణము మాత్రము ఒక్కటియే.

మఱియు, కరెంటు పోయినది గదా యని బెల్టుమీఁదఁ జేయి వేయరాదు. అది చెప్పకయే తిరిగి వచ్చును. స్విచ్చి కట్టి, ఫ్యూజు తీసి జేబులో వేసికొనిన పిమ్మటనే పని మొదలిడవలయును.

ఊరిలో మీ మాటకు విలువ కలదు. వడ్లు పట్టించుటకుఁ బోయినపుడు బెల్టునకు జాలీ కప్పు ఉన్నదా, లేదా యని యజమానిని అడుగుఁడు. లేనిచోఁ బెట్టించుఁడు. బిడ్డలను దాని దరికిఁ జేరనీయకుఁడు. మర రేపైనను నడచును. పోయిన చేయి మరల రాదు.