అత్యాచారం మీద కాలేజీ నాటకం: అపోహలు – వాస్తవాలు

లైంగిక దాడి గురించి, ఆ తర్వాత బాధితురాలి మీదే పడే 'క్యారెక్టర్' నిందల గురించి నాటకం వేస్తామని విద్యార్థులు ముందుకొస్తే కాలేజీలో రకరకాల మాటలు వినిపిస్తాయి. స్క్రిప్టు చదవకముందే స్టాఫ్‌రూమ్‌లో "వార్షికోత్సవానికి ఇదెందుకు, ఏదైనా కామెడీ వేసుకోండి" అంటారు. ఇంట్లో "ఆ వేషం నువ్వే ఎందుకు వెయ్యాలమ్మా?" అంటారు. రిహార్సల్లో దర్శకత్వం చేసే కుర్రాడు "జుట్టు ఇంకా గట్టిగా పట్టుకోరా, నిజంలా ఉండాలి" అంటాడు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాకపోవచ్చు. కానీ వద్దనేవాళ్లకు కొన్ని అపోహలుంటే, వేస్తామనేవాళ్లకు మరికొన్ని ఉన్నాయి. తెర లేచేలోగా రెండు రకాలనూ సరిచేసుకోవాలి.

అపోహ 1: ఇలాంటివి స్టేజీ ఎక్కించడం మన సంప్రదాయం కాదు.

వాస్తవం: మన ఊళ్లు తరతరాలుగా చూస్తున్న నాటకాల్లో ద్రౌపదీ వస్త్రాపహరణం ఒకటి. చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరిగితే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. నిండుసభలోకి ఒక స్త్రీని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన కథను ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి కూర్చుని చూస్తారు. సంప్రదాయం చెడిపోయిందని ఎవరూ అనలేదు.

ఆ కథలో శీలం మీద నింద వేసే ఘట్టం కూడా ఉంది. వ్యాసభారతం సభాపర్వంలో కర్ణుడు ఒక వాదన చేస్తాడు. ద్రౌపదికి భర్తలు ఐదుగురు, కాబట్టి ఆమె కులట, అలాంటి స్త్రీని వివస్త్రగా సభకు తెచ్చినా తప్పులేదంటాడు. ముందు శీలం మీద మచ్చ, వెంటనే ఒంటి మీద చెయ్యి. ఈ రెండింటికీ ఉన్న లంకెను భారతం అంత స్పష్టంగా చూపింది. ద్రౌపది కన్నీళ్లతో ఆగిపోకుండా, తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిదని సభను నిలదీసింది. భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. కౌరవుల్లో వికర్ణుడు ఒక్కడే లేచి తప్పన్నాడు. చెయ్యి వేసినవాడు, నింద మోపినవాడు, తల దించుకున్న పెద్దలు, లేచి నిలబడిన ఒక్కడు: కాలేజీ నాటకానికి కావలసిన పాత్రలన్నీ ఆ సభలోనే ఉన్నాయి.

అపోహ 2: దాడిని కళ్లకు కట్టినట్టు చూపించకపోతే నాటకానికి బలం ఉండదు.

వాస్తవం: ఒకప్పటి తెలుగు సినిమాల్లో రేప్ సీను దాదాపు ఒక మామూలు దినుసు. దాన్ని చూసి హాల్లో అందరికీ కలిగింది కోపమేనని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరూ చెప్పలేరు. స్టేజీ మీద అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ పెనుగులాట తోటి విద్యార్థుల ఒంటి మీద జరుగుతుంది. చూస్తున్నవాళ్లలో అలాంటిది అనుభవించినవాళ్లు ఉండవచ్చు. వెనక వరసలో ఈలలు వేసేవాళ్లూ ఉంటారు.

న్యూయార్క్‌లో 2013లో కేటీ కాపియెల్లో రాసిన 'స్లట్: ది ప్లే' నాటకాన్ని టీనేజీ అమ్మాయిలే ప్రదర్శించారు. అందులో జోయీ అనే పదహారేళ్ల అమ్మాయి మీద దాడి చేసేది స్నేహితులే. నాటకానికి బలం ఇచ్చేది ఆమె తన నోటితో చెప్పుకునే సాక్ష్యం, ఆ వార్త పాకాక స్కూల్లో తోటి అమ్మాయిలు అనుకునే మాటలు.

మనకు ఇంకా మంచి సాధనం ఉంది. బుర్రకథలో కథకుడికి ఇటు హాస్యపు వంత, అటు రాజకీయపు వంత. దాడి జరిగిన మర్నాడు క్లాసు వాట్సాప్ గ్రూపులో తిరిగిన జోకుల్ని హాస్యపు వంత చేత చెప్పించండి. హాల్లో కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి. అప్పుడు రాజకీయపు వంత "ఇందులో నవ్వడానికి ఏముంది? మీలో ఎవరు ఫార్వర్డ్ చేశారు?" అని అడగాలి. అప్పుడు పడే నిశ్శబ్దాన్ని ఏ పెనుగులాట దృశ్యమూ తేలేదు.

అపోహ 3: దాడి చేసేవాడు చీకట్లో పొంచి ఉన్న ముక్కూమొహం తెలియని దుండగుడు.

వాస్తవం: జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల ప్రకారం, నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. కాబట్టి నల్ల చొక్కా, ఎర్ర కళ్లు, పెద్ద నవ్వుతో విలన్‌ను తయారు చేస్తే ప్రేక్షకుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు, "నేను అలాంటివాణ్ని కాదు" అనుకుంటాడు. ఆ పాత్ర నోట్సులు ఇచ్చే, పుట్టినరోజుకు కేకు తెచ్చే, లెక్చరర్లు మెచ్చుకునే కుర్రాడైతే నాటకం నిజానికి దగ్గరవుతుంది.

అపోహ 4: అరవలేదు, ఎదిరించలేదు, వెంటనే చెప్పలేదు. అంటే ఇష్టపడినట్టే.

వాస్తవం: భయంతో ఒళ్లు బిగుసుకుపోవడం, గొంతు పెగలకపోవడం మనిషి శరీరానికి సహజం. చట్టం ఈ మాట ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక మీద పోలీస్ స్టేషన్లోనే జరిగిన దాడి కేసులో, ఒంటి మీద గాయాలు లేవన్నది కూడా ఒక కారణంగా చూపి 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. ఆ తీర్పును తప్పుపడుతూ ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. 2013 సవరణ ఇంకా స్పష్టంగా, శరీరంతో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్టు భావించకూడదని చెప్పింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లోనూ ఆ మాట ఉంది. ఫిర్యాదు ఆలస్యమైందని కేసును కొట్టిపారేయకూడదని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. స్క్రిప్టులో "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న ఉంటే దానికి ఈ జవాబు కూడా ఉండాలి.

అపోహ 5: ముందు ఆ అమ్మాయి ఎలాంటిదో తెలుసుకోవాలి కదా.

వాస్తవం: ఇది కర్ణుడి వాదనే, వేషం మాత్రం కొత్తది. హైదరాబాద్ ఈ వాదనను దగ్గరనుంచి చూసింది. 1978లో సినిమా చూసి తిరిగి వస్తున్న ఒక పేద స్త్రీని నల్లకుంట పోలీస్ స్టేషన్లో పెట్టి అత్యాచారం చేశారు. అడగబోయిన భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు చేసిన ముఖ్యమైన పని ఆమెను వేశ్య అని నిరూపించబోవడం. కమిషన్ ఆ వాదనకు లొంగక పోలీసులనే తప్పుపట్టింది. కానీ కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

అప్పట్లో సాక్ష్య చట్టమే ఇలాంటి వాదనకు తలుపు తెరిచి ఉంచింది. బాధితురాలి నడవడిక మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని నమ్మరానిదిగా చేసే వీలు 155వ సెక్షన్లో ఉండేది. 2002 సవరణతో ఆ నిబంధన పోయింది. 2013 సవరణతో, సమ్మతి ఉందా లేదా అని తేల్చేటప్పుడు ఆమె నడవడిక, గత లైంగిక అనుభవం లెక్కలోకి రావని చట్టంలో చేరింది. కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే నియమం ఉంది. గత లైంగిక అనుభవం తేల్చే పేరుతో 'రెండు వేళ్ల పరీక్ష' చేసేవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా పరిగణిస్తామని 2022లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. కోర్టు హాల్లో అడగకూడని ప్రశ్నను క్యాంటీన్లో అడిగే హక్కు మనకెవరిచ్చారు?

ఇక్కడ రచయితలూ ఒక పొరపాటు చేస్తారు. సానుభూతి కోసం కథానాయికను లంగా ఓణీ వేసుకుని, తల వంచుకుని నడిచే ఫస్ట్ ర్యాంకు అమ్మాయిగా రాస్తారు. అంటే జీన్స్ వేసుకునే అమ్మాయికి, బాయ్‌ఫ్రెండ్ ఉన్న అమ్మాయికి, రాత్రి ఆలస్యంగా వచ్చే అమ్మాయికి న్యాయం కొంచెం తక్కువ దక్కినా ఫరవాలేదని ఒప్పుకున్నట్టే.

అపోహ 6: గ్రూపుల్లో అనుకునే మాటలు సరదాకే. నేరమేమీ కాదు.

వాస్తవం: స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో అన్న మాట, చేసిన సైగ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. ఒక అమ్మాయి తన ఆంతరంగిక ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం 77వ సెక్షన్ కింద నేరమే. "తనే పంపింది కదా" అన్నది సమర్థన కాదు. మరో నిజం కూడా చెప్పుకోవాలి. ముద్ర వేసే నోళ్లలో ఆడవాళ్లవీ ఉంటాయి. హాస్టల్ గదిలో "అది మొదటినుంచీ ఆ టైపే" అనే అమ్మాయి పాత్ర లేకపోతే నాటకం సగం నిజమే చెబుతుంది.

అపోహ 7: నిజంగా జరిగిన కేసు తీసుకుని పేరు మారిస్తే చాలు.

వాస్తవం: చాలదు. న్యాయ సంహిత 72వ సెక్షన్ పేరును మాత్రమే కాదు, గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరాన్నయినా ప్రచురించడాన్ని నిషేధిస్తుంది. రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. బాధితురాలు మరణించినా పరోక్షంగా కూడా గుర్తింపు బయటపెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల విషయంలో, వాళ్ల మీద జరిగే లైంగిక నేరాల చట్టమైన పోక్సో 23వ సెక్షన్ కూడా గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఊరి పేరు, కోర్సు, హాస్టల్, తండ్రి ఉద్యోగం కలిపితే పేరు చెప్పకుండానే మనిషి దొరికిపోతుంది. పోస్టరు, యూట్యూబ్ వీడియో కూడా ప్రచురణ కిందికే రావచ్చు. అనేక సంఘటనల్లోని సాధారణ విషయాలు కలిపి కల్పిత కథ అల్లుకోవడం మేలు. "మీలో ఎవరికైనా జరిగిందా? చెప్పండి, స్క్రిప్టుకు పనికొస్తుంది" అని రిహార్సల్లో అడగడం మాత్రం ఘోరం.

అపోహ 8: నటనే కదా, ఇంత జాగ్రత్త దేనికి?

వాస్తవం: స్టేజీ మీది కత్తియుద్ధాన్ని ఎవరూ "మూడ్ వచ్చినట్టు" చెయ్యరు, అడుగులు లెక్కపెట్టుకుని చేస్తారు. తాకే సన్నివేశాలకూ అదే పద్ధతి ఉండాలి. ఎక్కడ చెయ్యి వేస్తారు, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి అన్నది ముందే మాట్లాడుకుని, రోజూ అదే చెయ్యాలి. ఎవరు "ఆపండి" అన్నా కారణం అడగకుండా ఆపాలి. ప్రపంచ రంగస్థలంలో దీనికి ప్రత్యేక నిపుణులే తయారయ్యారు. మనకు వాళ్లు అందుబాటులో లేకపోయినా నియమాలు పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. రిహార్సల్ అయ్యాక పాత్రను వదిలించుకోవడానికి పది నిమిషాలు కేటాయించాలి. ఈ అవసరం దాడి చేసే పాత్ర వేసే అబ్బాయికి కూడా ఉంటుంది.

ఇంట్లోవాళ్ల భయాన్నీ కొట్టిపారేయకూడదు. నాటకాలాడే స్త్రీల మీద నింద పడే కాలంలో స్థానం నరసింహారావు లాంటి మగ నటులే స్త్రీ పాత్రలకు ప్రాణం పోశారు. కాలం మారినా, ఆ వేషం వేసిన అమ్మాయిని మర్నాడు కారిడార్లో పాత్ర పేరుతో పిలిచి వెకిలిగా నవ్వేవాళ్లు ఉంటారు. దాన్ని సహించబోమని కాలేజీ ముందే ప్రకటించాలి.

అపోహ 9: చప్పట్లు పడ్డాయంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. నాటకం దేని గురించో టికెట్టు మీద, తెర ముందు చెప్పాలి. మధ్యలో లేచి వెళ్లాలనుకునేవారికి దారి ఉండాలి. ప్రదర్శన తర్వాత ఎవరో ఒకరు నెమ్మదిగా వచ్చి "నాక్కూడా..." అనవచ్చు. అప్పుడు ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో ముందే తెలిసి ఉండాలి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ సభ్యులు హాల్లో ఉండి, స్టేజీ మీద పరిచయం కావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, పిల్లలకు 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు గోడ మీద కనబడాలి. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరుకుతాయి. జూనియర్ కాలేజీలు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటర్ విద్యార్థుల్లో ఎక్కువమంది 18 ఏళ్ల లోపువాళ్లే. వాళ్ల మీద జరిగిన లైంగిక నేరం తెలిసినవారు పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చే ముందు లెక్చరరు ఈ సంగతి ఆ పిల్లలకు చెప్పాలి.

ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం: స్క్రిప్టు చదివాకే అవునో కాదో చెప్పండి. తల్లిదండ్రులకు: ఆ వేషం వేసే అమ్మాయి పక్కన మీరు కూర్చుంటే నింద వేసే నోళ్లు సగం మూతపడతాయి. విద్యార్థులకు: నాటకం అయ్యాక ప్రేక్షకులు "పాపం ఆ అమ్మాయి" అనుకుంటూ వెళ్లిపోతే మీ పని సగమే అయినట్టు. "ఆ రోజు నేనేం చేశాను?" అని అనుకునేలా రాయండి, ఆడండి.