రాత్రి ప్రయాణములకు రంగు కళ్లద్దములు తగునా?

మిరప కోతల కాలమున నూజెండ్ల, వినుకొండ ప్రాంతముల నుండి గుంటూరు యార్డునకు టిక్కీలతో వాహనములు రాత్రివేళల పోవుచుండును. ఎదురు వాహనముల దీపకాంతి కన్నులను మిరుమిట్లు గొలుపుచున్నదని పలువురు పసుపుపచ్చని అద్దములు కొని ధరించుచున్నారు. ‘నైట్ డ్రైవింగ్ గ్లాసులు’ అను పేర ఇవి అంగళ్లలో విరివిగా దొరకును. ఇవి మేలు చేయునా అని పాఠకులు అడుగుట సహజము. చేయవనియే సమాధానము. కారణము తెలిసికొందము.

మిరుమిట్లు ఏల కలుగును?

చీకటిలో కనుపాప విశాలమగును. అప్పుడు తీవ్రమైన వెలుగు పడినచో అది కంటిలోపల చెదరి తెరవలె వ్యాపించును. వాహనము దాటిపోయిన పిదప కన్ను మరల చీకటికి అలవాటుపడుటకు కొంత వ్యవధి కావలెను. వయసుతో ఈ వ్యవధి పెరుగును. 60 ఏండ్ల వయసున కంటి వెనుకపొరకు చేరు వెలుగు, 20 ఏండ్లనాటి దానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. శుక్లము ఆరంభమైనవారికి దీపము చుట్టును వలయములు గోచరించును.

రంగు అద్దము చేయునదేమి?

రంగు అద్దము ఎదుటి దీపమును మాత్రమే ఏరి తగ్గించజాలదు. రోడ్డు అంచున నడచు మనిషి, వెనుక దీపము లేని ట్రాక్టరు, అడ్డువచ్చు గేదె, వీరినుండి కంటికి చేరు కొద్దిపాటి వెలుగును గూడ అది తగ్గించును. పసుపు అద్దముతో అంతయు తేటపడినట్లు తోచును గాని, తోచుట వేరు, కనబడుట వేరు. 2019లో అమెరికాలోని షెపెన్స్ నేత్ర పరిశోధన సంస్థవారు రాత్రి ప్రయాణమును పోలిన కృత్రిమ యంత్రముపై 22 మందిని పరీక్షించిరి. పాదచారులను గుర్తించుటలో పసుపు అద్దముల వలన మేలేమియు కానరాలేదు. 75 శాతము కంటె తక్కువ వెలుగును పంపు అద్దములు రాత్రి వాహనము నడుపుటకు తగవని అంతర్జాతీయ ప్రమాణములు చెప్పుచున్నవి.

పాటింపదగినవి

1. కంటి పవరు పరీక్షించుకొని రంగులేని అద్దములనే ధరించవలెను. మామూలు అద్దము సుమారు 8 శాతము వెలుగును తిప్పికొట్టును. ‘యాంటీ రిఫ్లెక్షన్’ పూత గలది 99 శాతము వరకు లోనికి పంపును.

2. నల్లద్దములు, పోలరాయిడ్ అద్దములు పగటి ఎండకే పరిమితము.

3. గీతలు పడిన కళ్లజోడు మార్చవలెను. వాహనపు ముందు అద్దమును వెలుపలనే గాక లోపల గూడ తుడువవలెను.

4. ఎదురు దీపమును చూడక, రోడ్డు ఎడమ అంచును చూచుచు వేగము తగ్గించవలెను. మన దీపమును డిమ్ చేయవలెను.

ఆయుర్వేద దృష్టి

సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను వివరించిరి. పగలు చూచి రాత్రి చూడలేని స్థితిని కఫవిదగ్ధదృష్టి యనిరి. వాడుకలో ఇది రేచీకటి. ‘ఎ’ విటమిన్ లోపము వలన కలిగినచో వైద్యుని చికిత్సతోపాటు మునగాకు, పొన్నగంటికూర, తోటకూర, కరివేపాకు, బొప్పాయి ఆహారమున చేర్చుకొనవలెను. ఆకుకూరను కొంచెము నేతితో భుజించిన చక్కగా వంటబట్టును. వంశపారంపర్యముగా వచ్చు రేచీకటి ఆహారముతో పోదు.

ముదిరిన శుక్లమును కరిగించు చూర్ణము లేదు. దానికి శస్త్రచికిత్సయే మార్గము. తేనె, ఉల్లిరసము, చనుబాలు మున్నగువానిని కంటిలో వేయరాదు. వాని వలన కన్ను చెడిన, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును.

40 ఏండ్లు దాటిన గృహస్థులు, ముఖ్యముగా మధుమేహము గలవారు, ఏటేట నేత్రపరీక్ష చేయించుకొనుట మంచిది. దీపముల చుట్టును వలయములు కనబడినను, కాంతి పడిన పిదప చూపు ఆలస్యముగా కుదుటపడినను, కొత్త కళ్లద్దములకై అంగడికి పోక ముందుగా నేత్రవైద్యుని చూడవలెను. కారణము తేలువరకు రాత్రివేళ స్టీరింగు మరియొకరికి అప్పగించుట మీకును, దారిన పోవువారికిని క్షేమము.