శనివారం పొయ్యి వెలగని ఇల్లు
కొత్తరెడ్డిపాలెం యూదు తల్లుల వారం

తుళ్లూరు: మిరప కోతల కాలంలో గుంటూరు జిల్లా కూలి తల్లులకు సెలవు దినం అన్న మాటే ఉండదు. కాయ పండి చెట్టు మీద ఉన్నన్నాళ్లూ పొద్దు పొడవకముందే సద్ది కట్టుకుని ఆటో ఎక్కవలసిందే. పిలుపు వచ్చిన రోజు మానితే ఆ పూట కూలి పోవడమే కాదు, మర్నాడు ముఠాలో చోటు దక్కుతుందన్న పూచీ ఉండదు. ఈ సంగతి పత్తి, మిరప పైర్లలో ఒళ్లు వంచిన తుళ్లూరు ప్రాంత మహిళలకు ఒకరు చెప్పనక్కరలేదు. అటువంటి జిల్లాలోనే వారానికి ఒక రోజు, అదీ ఊరంతా పనిలో ఉండే శనివారం నాడు, పొలానికి పోకూడదు, పొయ్యి ముట్టించకూడదు అనే నియమాన్ని తలకెత్తుకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. గుంటూరు నుంచి పొన్నూరు వైపు వెళ్లే దారిలో వచ్చే చేబ్రోలు మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో నివసించే బెనె ఎఫ్రాయిము యూదులే వారు. బెనె ఎఫ్రాయిము అంటే హెబ్రీ భాషలో ఎఫ్రాయిము సంతతి అని అర్థం.

వీరి మాతృభాష తెలుగు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మొత్తం 40 కుటుంబాల మేరకు ఉంటారని వారి గురించి రాసినవారి అంచనా. ఇంత చిన్న సమాజంలో మతం నిలిచేది ప్రార్థన మందిరంలో కన్నా వంటింట్లోనే. ఆ భారం మోసేది తల్లి.

తల్లిని బట్టే బిడ్డ

మన వైపు ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది. యూదుల సంప్రదాయ ధర్మశాస్త్రంలో లెక్క వేరు. తల్లి యూదురాలైతేనే బిడ్డ పుట్టుకతో యూదు. తండ్రి ఎవరన్నది ఈ విషయంలో ప్రధానం కాదు. అమెరికాలోని సంస్కరణవాద యూదులు మాత్రం 1983లో తండ్రి వైపు నుంచి వచ్చే వారసత్వాన్ని కూడా షరతులతో అంగీకరించారు. సంప్రదాయవాదులు నేటికీ ఒప్పుకోరు. కనుక కొత్తరెడ్డిపాలెం పిల్లలు యూదులా కాదా అని ఎవరైనా ప్రశ్నిస్తే ఆ ప్రశ్న నేరుగా తల్లి మీదికే వస్తుంది.

అది చిన్న ప్రశ్న కాదు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అస్సీరియా రాజులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలదోసి ప్రజలను చెరపట్టుకుపోయారు. అలా జాడ తెలియకుండా పోయిన పది గోత్రాలలో ఎఫ్రాయిము ఒకటి. తమ పూర్వీకులు ఆ గోత్రం వారేననీ, పారశీకం, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరుకున్నారనీ, కాలక్రమంలో మాదిగలలో కలిసిపోయారనీ బెనె ఎఫ్రాయిములు చెబుతారు. దీనికి లిఖిత ఆధారాలు లేవని చరిత్రకారుల మాట. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ఈ సమాజానికి నాయకత్వం వహించారు. షమూయేలు మొదట క్రైస్తవ బోధకుడు. 1980ల తొలి సంవత్సరాలలో యెరూషలేము వెళ్లి వచ్చాక ఆయన మార్గం మారింది. 1991లో కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థన మందిరం వెలిసింది.

దీని వెనుక మరో చరిత్ర ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి వద్ద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అబ్రాహాము, రాహేలు, రూతు వంటి పేర్లు మన పల్లెల్లో ఇంటి పేర్లంత పరిచయం కావడానికి ఆనాటి మిషన్ల ప్రచారమే కారణం. సబ్బాతు, పస్కా అన్న మాటలూ తెలుగు బైబిలు ద్వారానే వచ్చాయి. అంటే ఈ తల్లులు కొత్తగా నేర్చుకోవలసింది కథలను కాదు, ఆచారాలను.

శుక్రవారం ఉరుకులు

యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం పొద్దు వాలగానే సబ్బాతు ప్రవేశిస్తుంది. సంప్రదాయం ప్రకారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే ఇంటి ఇల్లాలు రెండు దీపాలు వెలిగించాలి. వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ఆశీర్వాద వచనం పలుకుతుంది. చలికాలంలో మన జిల్లాలో 6 గంటలు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ లోగా పొలం నుంచి తిరిగి వచ్చి, పిల్లలకు నీళ్లు పోసి, మర్నాటికి కూడా సరిపడా వండి పెట్టుకోవాలి. దీపం పెట్టిన తరువాత నిప్పు రాజేయడం నిషిద్ధం. దున్నడం, విత్తడం, కోయడం, మోయడం మొదలుకొని 39 రకాల పనులు శనివారం చేయరాదని యూదు పండితులు నిర్ణయించారు. ఆ జాబితాలో తొలి వరుసలో ఉన్నవన్నీ రైతు పనులే కావడం గమనార్హం. మిరపకాయ కోయడం అందులో మూడో పని కిందికి వస్తుంది.

అన్ని పనులూ ముగిశాక వచ్చే ఘట్టమే ఈ తల్లులకు వారమంతటిలో తీపి. ప్రపంచంలో ఎక్కడున్నా యూదు తల్లిదండ్రులు శుక్రవారం రాత్రి పిల్లల తల మీద చేతులుంచి దీవిస్తారు. ఆడపిల్లలను శారా, రిబ్కా, రాహేలు, లేయా వంటి మాతృమూర్తులతో పోల్చుతారు. మగపిల్లలను ఎవరితో పోల్చుతారో తెలుసా? ఎఫ్రాయిము, మనష్షే అనే ఇద్దరు అన్నదమ్ములతో. న్యూయార్కులోనైనా యెరూషలేములోనైనా ప్రతి శుక్రవారం ఎఫ్రాయిము పేరు వినిపిస్తుంది. అదే పేరు వంశనామంగా చెప్పుకునే తెలుగు తల్లి కొడుకు తల నిమిరి ఆ మాట అన్నప్పుడు దానికి అర్థం మరొకటి తోడవుతుంది.

పెరుగన్నం లేని పూట

వంటింటి నియమాలు మన వారికి ఆసక్తి కలిగించేవి. గిట్టలు చీలి నెమరు వేసే జంతువుల మాంసమే తినాలి. మేక, గొర్రె, గేదె అందులోకి వస్తాయి. పంది రాదు. మాంసంలో నెత్తురు మిగలరాదు కనుక అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, కడిగి వండుతారు. చేపలకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. బొచ్చె, శీలావతి, కొర్రమీను తినవచ్చు. పొలుసు లేని వాలుగ తినరాదు. రొయ్య, పీత ఊసే లేదు. గుడ్డు పగలగొట్టినప్పుడు నెత్తుటి చుక్క కనిపిస్తే పారవేయాలి. ఆకుకూరల్లో పురుగు ఉండకూడదు కనుక గోంగూర ప్రతి ఆకూ తిరగేసి చూసుకోవాలి. గోంగూర ఏరడంలో మన ఇల్లాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదనుకోండి.

గుంటూరు నోటికి అసలు కష్టం మరో చోట ఉంది. మాంసాన్నీ పాలనూ కలిపి తినరాదు. మాంసం తిన్న తరువాత కొన్ని గంటలపాటు పాలు, పెరుగు, మజ్జిగ ముట్టరాదు. కారం కారంగా మాంసం కూర తిని, ఆఖర్న పెరుగన్నంతో నాలుక చల్లబరచుకోకపోతే భోజనం చేసినట్టే ఉండని జిల్లా ఇది. పెరుగు కోసం మారాం చేసే పసివాడికి ఎందుకు పెట్టకూడదో చెప్పడం ఎంత కష్టమో తల్లులకే ఎరుక.

పండుగలు కూడా పనుల రోజులలోనే వస్తాయి. యూదుల పంచాంగం మనదానిలాగే చంద్రమానం. అమావాస్య దాటగానే నెల మొదలవుతుంది, 19 ఏళ్లలో 7 అధిక మాసాలు వస్తాయి. పస్కా పున్నమి నాడు మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలలు కనుక కళ్లాల్లో మిరపకాయలు ఆరే సమయం అది. పండుగ నాళ్లలో పులిసిన పిండి ఇంట్లో ఉండరాదు. పిండి తడిపినది మొదలు 18 నిమిషాలలోపు కాల్చిన రొట్టె మాత్రమే తినాలి. పండుగ రాత్రి ఇంట్లో చిన్నవాడు లేచి ‘ఈ రాత్రి మిగతా రాత్రుల వంటిది ఎందుకు కాదు’ అన్న అర్థంలో ప్రశ్నలు అడగాలి. ఐగుప్తులో బానిసలై ఇటుకలు చేసిన పూర్వీకుల విముక్తి కథను పెద్దలు జవాబుగా చెబుతారు. తరతరాలుగా ఒకరి చేల్లో వంగి పనిచేసిన ఇళ్లలో ఆ కథ పాతబడదు. పత్తి విచ్చే సెప్టెంబరు, అక్టోబరులలో పర్ణశాలల పండుగ వస్తుంది. ఏడు రోజులు ఆకులు కప్పిన పందిరి కింద భోజనం చేయాలి. తాటాకు పందిళ్లు ఎరిగిన మన పల్లెలకు అది వింత కాదు.

శనివారం కూలి

ఇక్కడే అసలు చిక్కు. ధర్మశాస్త్రం ఒక్క విషయంలో వెంటనే సడలింపు ఇస్తుంది. ప్రాణం మీదికి వస్తే సబ్బాతు నియమాలన్నీ పక్కకు తప్పుకోవాలి. బిడ్డకు ప్రమాదకరమైన జ్వరం వస్తే శనివారమైనా బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోవడం తప్పు కాదు సరికదా, అదే విధి. కానీ కూలి పోతుందన్న కారణం ఆ కోవలోకి రాదు. ఆదివారం చర్చికి వెళ్లే ఇరుగుపొరుగుతో పాటు ముఠా కూడా ఆగితే రెండు రోజుల ఆదాయం పోతుంది. భూమి లేని ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు. అందువల్ల నియమం అన్ని ఇళ్లలోనూ ఒక్క తీరుగా సాగదు. దీపం మాత్రం పెట్టి మర్నాడు పనికి పోవడం, ఇంట్లో ఒకరు ఆగి మరొకరు వెళ్లడం పేదరికంలో మతం నడిపే ఎక్కడి కుటుంబమైనా చేసే సర్దుబాట్లే. వీటిని భక్తి లోపంగా లెక్కగట్టడం న్యాయం కాదు.

బిడ్డను బడిలో చేర్చే రోజు మరో ప్రశ్న ఎదురవుతుంది. మతం గడిలో ఏం రాయాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. యూదులు ఆ జాబితాలో లేరు. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో యూదులకు అల్పసంఖ్యాక హోదా ఇచ్చింది కానీ అది ఆ రాష్ట్రానికే. ఒక గడిలో రాసే ఒక్క మాట మీద బిడ్డ చదువూ, ఉద్యోగమూ ఆధారపడి ఉన్నాయి.

ఇశ్రాయేలు సంగతీ తేలలేదు. మనష్షే గోత్రం వారమని చెప్పుకునే మణిపూర్, మిజోరం వాసులను 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ష్లొమొ అమార్ గుర్తించారు. వేలమంది వలస వెళ్లారు. ఎఫ్రాయిము వారికి అటువంటి గుర్తింపు దక్కలేదు. మత మార్పిడి విధి పూర్తి చేసుకుంటే తప్ప వీరిని సంప్రదాయవాదులు యూదులుగా అంగీకరించే అవకాశం తక్కువ. పుట్టుకతోనే యూదులమని నమ్మే తల్లికి మారమనడం ఎలా తోస్తుందో ఊహించవచ్చు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమాజంపై రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం వెలువరించింది. కులం, మతం ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయన్నదే అందులో ప్రధాన చర్చ.

శనివారం పొద్దు గూకి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపిస్తే సబ్బాతు ముగిసినట్టు. ఒకటికి మించిన వత్తులు కలిపిన దీపం వెలిగించి, ద్రాక్షారసంపై ఆశీర్వాదం చెప్పి, లవంగాలూ దాల్చినచెక్క వంటి సుగంధ ద్రవ్యాలను ఇంటిల్లిపాదీ వాసన చూస్తారు. వెళ్లిపోతున్న విశ్రాంతి దినం పరిమళం వారమంతా తోడుండాలని ఆ ఆచారం. ఆ దీపం ఆరాకే పొయ్యి వెలుగుతుంది. మర్నాడు ఎవరి చేలో కోత ఉందో ముఠా మేస్త్రిని అడిగేది కూడా ఆ తరువాతే.