పెట్టెలోని గాలి లెక్క

కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆగిపోతే అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "ఇంకో ఫ్యాన్ బిగించండి." ఆ సలహా ఒక్కోసారి ఫలిస్తుంది, ఒక్కోసారి డబ్బు దండగ. ఏది జరుగుతుందో ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడటాన్నే సిమ్యులేషన్ అంటారు.

మొదటి లెక్కకు ఇంటర్‌లో చదివిన విశిష్టోష్ణం చాలు. కేబినెట్‌లోని భాగాలన్నీ కలిసి 100 వాట్ల వేడి పుట్టిస్తున్నాయనుకుందాం. లోపలికి వెళ్ళిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 9 లీటర్ల గాలి పారాలి. మే నెలలో మన హాస్టల్ గదిలో 42 డిగ్రీలుంటే బయటికొచ్చే గాలి 52 ఉంటుంది. ప్రాసెసర్ అంతకన్నా వేడిగా ఉంటుంది. 25 డిగ్రీల ఏసీ గదికి వేసిన లెక్క మన దగ్గర తప్పడంలో వింతేముంది?

ఇక ఫ్యాన్ సంగతి. అట్టపెట్టె మీద సెకనుకు 14 లీటర్లని ఉందనుకోండి. 9 చాలు కదా, 14 ఉందిగా అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఏ అడ్డూ లేనప్పటిది. ఫ్యాన్ వెనుక అట్టముక్క గట్టిగా అదిమితే రెక్కలు తిరుగుతాయి గానీ గాలి రాదు; పీడనం మాత్రం గరిష్ఠంగా ఉంటుంది. ఈ రెండు కొసల మధ్య ఒక వక్రరేఖ ఉంటుంది. కేబినెట్‌కూ ఒక వక్రరేఖ ఉంది: జాలీలు, వైర్ల గుంపు, దుమ్ము దాటి రెట్టింపు గాలి పంపాలంటే సుమారు నాలుగింతల పీడనం కావాలి. రెండు రేఖలూ ఖండించుకున్న చోటే ఫ్యాన్ నిజంగా పనిచేస్తుంది. అది 7 లీటర్ల దగ్గరైతే గాలి 10 కాదు, 13 డిగ్రీలు వేడెక్కుతుంది. మా దృష్టిలో ఈ విషయమంతటికీ ఆయువుపట్టు ఈ ఖండన బిందువే.

సిమ్యులేషన్‌లో పెట్టెలోని గాలిని లక్షల చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి లెక్క సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ గణిస్తారు. ఇందుకు విరివిగా వాడే 'సింపుల్' అనే పద్ధతిని 1972లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు పుణెలో ఇంజనీరింగ్ చదివిన సుహాస్ పటాంకర్. రెండోవారు లండన్ ఇంపీరియల్ కాలేజీ ఆచార్యులు స్పాల్డింగ్. ఫ్యాన్ రెక్కలను సాధారణంగా గీయరు. ఒక పలుచని తలం పెట్టి దానికి ఫ్యాన్ వక్రరేఖను అప్పగిస్తారు. పని త్వరగా తెములుతుంది. కానీ రెక్కలు గాలికిచ్చే సుడిని విడిగా చెప్పకపోతే అది లెక్కలోకి రాదు. ఫ్యాన్‌కు అతి దగ్గరగా ఉన్న భాగాల ఉష్ణోగ్రత చూసేటప్పుడు ఇది మరవకూడదు.

చేతి లెక్కకు అందని సంగతులు తెరమీద కనిపిస్తాయి. గాలి ప్రాసెసర్‌ను వదిలేసి ఖాళీగా ఉన్న పక్కదారిన పోవడం, బయటికి పోయిన వేడిగాలే చుట్టుతిరిగి లోపలికి రావడం వంటివి. పక్కపక్కన రెండు ఫ్యాన్లు పెట్టినా ఇరుకు పెట్టెలో గాలి రెట్టింపు కాదు. పోనీ వేగం పెంచుదామంటే, రెట్టింపు వేగానికి ఎనిమిదింతల విద్యుత్తు కావాలి. చప్పుడు సరేసరి.

2004లో ఉచితంగా విడుదలైన ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇవన్నీ చేసి చూడవచ్చు. ఇంజనీరింగ్‌లో చేరిన మన తమ్ముళ్ళు ప్రాజెక్టుకు ఇదే ఎంచుకోవచ్చు. మొదటి నమూనాగా గోడకు ఆనించిన కేబినెట్‌ను తీసుకోండి. తర్వాత దాన్ని జానెడు ముందుకు జరిపి అదే లెక్క మళ్ళీ నడపండి.