పుట్టి మీద వేట: వల కన్ను కొలిచి కొనండి

వరి కోతలు ముగిసి, చెరువు నీళ్లు తూము అడుక్కి దిగే రోజుల్లో ఎకరం, అరెకరం ఉన్న రైతుకు చేతిలో పనుండదు. మళ్లీ వానలు పడేదాకా ఇల్లు గడవాలి. కూలికి గుంటూరు దిక్కు రైలెక్కేవాళ్లు ఎక్కుతారు. కంభం చెరువు చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం పుట్టి ఎక్కేవాళ్లు కూడా ఎప్పటినుంచో ఉన్నారు. చేను ఎండినా చెరువులో కాస్త నీళ్లుంటే చేప ఉంటుంది. ఆ చేపను పట్టడంలో కొన్ని మెలకువలున్నాయి. అవి తెలియక అప్పు తెచ్చి వల కొని, రెండు నెలలు తిరగకుండానే అటకెక్కించేవాళ్లు ఎందరో.

గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్ట పోసి కట్టిన చెరువు ఇది. విజయనగర రాజుల కాలం నాటిది. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. 2020లో సాగునీటి, మురుగునీటి పారుదల అంతర్జాతీయ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. వేటకు వెళ్లేవాడికి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఇది చదునుగా తవ్విన చేపల గుంట కాదు, నీళ్లు నిండిన కొండ లోయ. లోపల తిప్పలున్నాయి, బండలున్నాయి, పాత ఏటి దారి ఉంది. చేప అంతటా ఒకేలా ఉండదు.

దారం ఒకటి జేబులో పెట్టుకోండి

వల కొనేటప్పుడు అందరూ అడిగేది ధర, పొడవు. అసలు అడగాల్సింది కన్ను. తంగూసు వలలో చేప ఇరుక్కునేది తల దూరి, ఒళ్లు దూరకపోవడం వల్ల. కన్ను మరీ చిన్నదైతే పెద్ద చేప మూతి తగిలి వెనక్కి పోతుంది. పెద్దదైతే ఒళ్లంతా దూరి అవతలికి పోతుంది. కాబట్టి ఒక్కో కన్ను ఒక్కో సైజు చేపకే పనికొస్తుంది.

దీన్ని తెలుసుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు. మీ చెరువులో దొరికే, మీరు పట్టదలచిన సైజు చేపను బజారులోనే పట్టుకుని, వీపు రెక్కకు కొంచెం ముందు, ఒళ్లు బాగా లావుగా ఉన్నచోట దారం చుట్టండి. ఆ దారాన్ని సగానికి మడిచి, ఆ సగంలో ఆరో వంతు తీసేయండి. మిగిలిందే మీకు కావలసిన కన్ను. ఉదాహరణకు చుట్టుకొలత 12 అంగుళాలు వచ్చిందనుకోండి. సగం 6, అందులో ఆరో వంతు 1 తీసేస్తే 5 అంగుళాల కన్ను. శీలావతి అయితే ఇది కిలో, కిలోన్నర చేపకు సరిపోతుంది. బొచ్చెకు పొట్ట, తల లావు కాబట్టి అదే బరువుకు కన్ను ఇంకాస్త పెద్దది కావాలి. రెండింటినీ ఒకే వలతో పడదామనుకుంటే రెండింటికీ చెడతారు.

కొట్లో ఒక చిక్కు ఉంది. కొందరు కన్నును సాగదీసి, ఎదురెదురు ముళ్ల మధ్య దూరం చెబుతారు. కొందరు ఒక పక్క ముడి నుంచి పక్క ముడి వరకే చెబుతారు, అది సగమే ఉంటుంది. పైన చెప్పిన లెక్క సాగదీసిన కన్నుకు. అడిగి, చేత్తో సాగదీసి, స్కేలు పెట్టి చూసుకోండి.

వలను తాడుకు కట్టేటప్పుడు బిగించి కట్టకూడదు. సాగదీస్తే 100 మీటర్లుండే వలను 50 మీటర్ల తాడుకే కట్టాలి. అప్పుడే కన్ను డైమండు ఆకారంలో తెరుచుకుని నీళ్లలో వదులుగా ఆడుతుంది. వల కలిసొస్తుందని 80 మీటర్లకు సాగదీసి కడితే కన్ను మూసుకుపోయి చేప తగలదు. పొదుపు చేశామనుకుంటాం గానీ నష్టం అక్కడే.

ఎక్కడ వేయాలి

బొచ్చె పైనీళ్లలో మేస్తుంది. శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగున తిరుగుతాయి. వల పైన బెండ్లు ఎక్కువ, అడుగున సీసం తక్కువ కడితే వల పైన తేలుతుంది. సీసం పెంచితే అడుగున నిలబడుతుంది. అంటే ఒకే వలతో బెండ్లు మార్చుకుని ఏ నీళ్లలోనైనా వేయొచ్చు.

ఇక చోటు. అమెరికా తూర్పు తీరంలో స్పేడ్‌ఫిష్ అని పళ్లెంలా చదునుగా, నల్ల చారలతో ఉండే సముద్రపు చేప ఒకటుంది. అది మునిగిన ఓడల చుట్టూ, నీళ్లలో నిలిచిన స్తంభాల చుట్టూ గుంపుగా చేరుతుంది. అక్కడి వేటగాళ్లు సముద్రమంతా వెతకరు. మునిగిన ఓడకు ఎగువన లంగరు వేసి, పడవను ప్రవాహం మీద వెనక్కి వదిలి, దాని మేతే అయిన జెల్లీచేప ముక్కను చిన్న గాలానికి గుచ్చి దింపుతారు. మన చెరువులో ఆ చేప లేదు గానీ సూత్రం మనకూ పనికొస్తుంది. చేప నీడను, ఆసరాను, మేతను వెతుక్కుంటుంది. తిప్పల అంచులు, మునిగిన తుమ్మ మోడులు, పాత ఏటి దారి గట్లు, కొత్త నీరు వచ్చి కలిసే వాగు మూతులు చూసుకోండి. వలను మోడుల మీద వేయకండి, చిరిగిపోతుంది. వాటికి పదిగజాలు ఎడంగా, చేప పోయే దారికి అడ్డంగా వేయాలి.

పొద్దు వాలాక వల వేసి, తెల్లవారకముందే తీయడం మంచిది. రాత్రి చేప మేతకు ఒడ్డువైపు వస్తుంది, వల కూడా కనపడదు. ఎండాకాలం పొద్దెక్కేదాకా వదిలేస్తే నీళ్ల వేడికి వలలోనే చచ్చి మెత్తబడుతుంది, తాబేళ్లూ కొరికేస్తాయి. తీసిన చేపను కడిగి, బరువుకు బరువు ఐసు వేసి, పైన తడి గోనె కప్పండి. మార్కాపురం, గిద్దలూరు బజారుకు పోయేలోపు మొప్పలు ఎర్రగా ఉంటేనే మీ మాట చెల్లుతుంది.

కొర్రమీను, వాలుగ కావాలంటే వల కన్నా గాలమే నయం. బతికిన చిన్న పరిగె ఎరతో, గడ్డి అంచుల్లో వేయాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతూ కనిపిస్తే, దాని కిందే కొర్రమీను జంట కాపలా ఉంటుంది. దాన్ని పట్టడం చాలా తేలిక. పట్టొద్దు, పిల్లలన్నీ పక్క చేపల పాలవుతాయి.

దోమతెర గుడ్డతో ఒడ్డు ఈడ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? నీళ్లు, మేత బాగుంటే బొచ్చె పిల్ల ఏడాదిలో కిలోకు అటూఇటూ వస్తుంది. దాన్ని వేలంత ఉన్నప్పుడే పట్టి కూరకు వండితే, మరుసటి ఏడాది మీరు అప్పు తెచ్చి కొన్న 5 అంగుళాల వలకు ఏం తగులుతుంది?

ప్రాణం ముందు

పుట్టిలో ఇద్దరు కూర్చోవాలి, ఒకరు తెడ్డు, ఒకరు వల. నిలబడి వల లాగితే పుట్టి బోర్లా పడుతుంది. వల తాడు నడుముకో, చేతికో ఎప్పుడూ చుట్టుకోకండి. ఈత వచ్చినవాళ్లు కూడా తంగూసు కాళ్లకు చుట్టుకునే పోతారు. చిన్న కత్తి ఒకటి మొలతాడుకు ఉండాలి. గాలి నింపిన ట్యూబు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బాలు గానీ పుట్టిలో కట్టి పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పడమట నల్లమల మీద మబ్బు కమ్మితే వల వదిలేసి ఒడ్డుకు రండి. తూము దరిదాపుల్లో, నీళ్లు పారేటప్పుడు, పుట్టి పోనివ్వద్దు.

చిరిగిన వలను చెరువులో పారేయకండి. ఎండాకాలం మన గొడ్లే ఆ చెరువు అడుగున మేస్తాయి. గిట్టలకు తంగూసు చుట్టుకుంటే కోసుకుపోయి పుండవుతుంది.

పెద్ద చెరువుల్లో వేట హక్కు మత్స్యశాఖ లైసెన్సు మీదనో, మత్స్యకారుల సొసైటీ లీజు మీదనో ఉంటుంది. వల కొనకముందే ఆ సంగతి, ఆ ఏడాది వేట ఆపే నెలలు అడిగి తెలుసుకోండి. సొసైటీ వాళ్లను దాటేసి రాత్రిళ్లు పోతే వల పోతుంది, కేసూ అవుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి చేపల పనికీ వర్తింపజేశారు. బ్యాంకుకు పోయేటప్పుడు లైసెన్సు నకలు, భూమి పాసు పుస్తకం రెండూ తీసుకెళ్లండి.