కంటికి కాదు, ఒంటికే చలి

సీసీ కెమెరా పుట్టింది దొంగల కోసం కాదు. 1942లో జర్మనీ వాళ్లు బాల్టిక్ తీరాన పేనెమ్యూండెలో వి-2 రాకెట్లను పరీక్షించేవారు. అవి ఎగురుతాయో, నిలబెట్టిన చోటే పేలిపోతాయో ఎవరికీ తెలియదు. అందుకని వాల్టర్ బ్రూచ్ అనే ఇంజనీరు రాకెట్ దగ్గర కెమెరాలు బిగించి, తీగ లాగి, దూరంగా ఉన్న గదిలో తెర మీద బొమ్మ కనిపించేలా చేశాడు. రికార్డింగు లేదు. ఒక మనిషి తెరకు కళ్లప్పగించి కూర్చోవలసిందే. అయినా ఆ మనిషి తాను ఉండలేని చోట ఒక కన్నును నిలబెట్టగలిగాడు.

ఆ కన్ను ఇంటి గుమ్మానికి రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, ఆమె భర్త ఆల్బర్ట్ కలిసి 1966లో ఒక పేటెంటుకు దరఖాస్తు చేశారు. తలుపుకు నాలుగు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ, వచ్చినవాళ్లతో మాట్లాడే మైకు, కూర్చున్న చోటి నుంచే గడియ తీసే మీట. 1969 డిసెంబరులో పేటెంటు వచ్చింది. ఒక్కటి గమనించండి: ఆ కెమెరా తలుపుకు లోపలి వైపే ఉంది. చలేమిటో దానికి తెలియదు.

అప్పటి కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. లోపలి తీగ వేడెక్కితేనే అవి పనిచేసేవి. సరిగ్గా 1969లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ వెలుగును సిలికాన్ పలక మీద పట్టే సీసీడీని ఊహించారు. ఆ పనికి వాళ్లకు 2009లో నోబెల్ వచ్చింది. బాయిల్ కెనడావాడు, క్యూబెక్ అడవుల్లో కలప కొట్టే వాళ్ల మధ్య పెరిగాడు. తన ఆవిష్కరణకు చలి అంటే ఇష్టమని తేలడం ఆయనకు వింతగా అనిపించి ఉండదనుకుంటాను.

అవును, ఇష్టమే. సిలికాన్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. వాటిని లెక్కపెట్టడమే ఫొటో తీయడం. కానీ వెలుగు లేకపోయినా వేడి కూడా కొన్ని ఎలక్ట్రాన్లను ఊడదీస్తుంది. చీకట్లో బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కల్లో ఈ దొంగ లెక్కకూ వాటా ఉంది. సుమారు ఆరు నుంచి ఎనిమిది డిగ్రీల వేడి పెరిగితే చాలు, అది రెట్టింపవుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు తమ కెమెరాలను పనిగట్టుకుని చల్లబరిచేది అందుకే. కాబట్టి మైనస్ 30 డిగ్రీల్లో కెమెరా ఆగిపోయిందంటే కన్నును అనుమానించకండి. చుట్టూ ఉన్న ఒంటిని చూడండి. అమ్మేవాళ్లు మాత్రం కంటి గురించే, అంటే మెగాపిక్సెళ్ల గురించే చెబుతారు.

ముందు చతికిలబడేది బ్యాటరీ. కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 20కి అటూ ఇటూ ఉంటాయి. చాలా బ్యాటరీ కెమెరాల డబ్బా మీద రాసిన హద్దు కూడా సరిగ్గా అదే. చలికి లిథియం బ్యాటరీలోని ద్రవం మందగించి అయాన్లు నెమ్మదిస్తాయి. అది వేడెక్కితే తీరే బాధ. తీరని బాధ చార్జింగులో ఉంది. సున్నాకు దిగువన చార్జింగు పెడితే లిథియం గ్రాఫైట్ లోపలికి దూరలేక పైనే లోహపు పూతలా పేరుకుంటుంది. అలా పోయిన శక్తి చాలావరకు తిరిగి రాదు. అందుకే మంచి కెమెరా ఆ చలిలో చార్జింగును తీసుకోదు. ఎడ్మంటన్‌లోనో మినియాపొలిస్‌లోనో మనవాళ్లు సోలార్ పలక కూడా కొని బిగించి నిశ్చింతగా ఉంటారు. ఎండ కాస్తుంది, పలక కరెంటు ఇస్తుంది, బ్యాటరీ మాత్రం నోరు తెరవదు.

నన్నడిగితే, అంత చలి ఉన్న ఊళ్లో తీగ ఉన్న కెమెరానే కొనాలి. ఇంటర్నెట్ తీగలోనే కరెంటు కూడా పంపే పీఓఈ పద్ధతికి 2003లో ప్రమాణం వచ్చింది. అప్పుడది 15.4 వాట్లు, 2009 నాటికి 30. మామూలు కెమెరాకు మొదటిది చాలు. లోపల హీటరున్న కెమెరాకు చాలకపోవచ్చు. స్విచ్చు ఎన్ని వాట్లిస్తుందో చూడకుండా కొంటే ఆ హీటరు ఉన్నా లేనట్టే.

ఇంకో మెలిక ఉంది. నడుస్తున్న కెమెరా తన వేడితోనే కొంత నెట్టుకొస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చిందనుకోండి, అప్పటికి ఒళ్లంతా గడ్డకట్టి ఉంటుంది. తిరిగే కెమెరాల్లో మోటారు గ్రీజు బిగుసుకుపోతుంది. పగటికీ రాత్రికీ మధ్య టిక్కుమని జరిగే చిన్న ఫిల్టరు ఇరుక్కుంటుంది. పగలు బొమ్మ గులాబీ రంగులో కనిపిస్తే కారణం అదే కావచ్చు. మంచుదేశాల కోసం చేసిన కెమెరాలు కరెంటు రాగానే ముందు ఒళ్లు వెచ్చచేసుకుని, ఆ తర్వాతే మేలుకుంటాయి. కొనేటప్పుడు 'ఎంత చలిలో పనిచేస్తుంది' అని కాక 'ఎంత చలిలో మొదలవుతుంది' అని అడగాలి.

ఐపీ66 అని రాసి ఉంటే చలినీ తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఆ అంకెలు దుమ్ము గురించి, నీళ్ల ధార గురించి మాత్రమే చెబుతాయి. ఉష్ణోగ్రత ఊసే ఉండదు. పైగా డబ్బా ఎంత బిగుతుగా ఉంటే లోపల చిక్కిన తేమ అంత ఇబ్బంది పెడుతుంది. చలి పెరగగానే అది అద్దం లోపలి వైపు చెమర్చి, తర్వాత మంచుపొర అవుతుంది. నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చే సన్నని పొర ఒకటి మంచి డబ్బాలకు ఉంటుంది.

2011లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఎవరెస్టును చూడటానికి కాలా పత్థర్ అనే శిఖరం మీద, 5,675 మీటర్ల ఎత్తున, మోబోటిక్స్ అనే జర్మన్ కంపెనీ కెమెరా పెట్టారు. అది మైనస్ 30 దాకా తట్టుకుంటుంది. నడిపేది సౌరశక్తి కనుక దాన్ని పగటిపూటే పనిచేయించేవారు. హిమాలయంలోనూ అసలు చిక్కు కరెంటుతోనే అన్నమాట.

మనిషి అలికిడిని పసిగట్టే సెన్సర్ కథ వేరు. అది చూసేది ఒంటి వేడికీ వెనకనున్న గోడకూ మధ్య తేడాను. చలిలో ఆ తేడా బాగా తెలుస్తుంది, వచ్చినవాడు మందపాటి కోటులో మునిగి ఉంటే తప్ప. మే నెల విజయవాడలో గోడా మనిషీ ఒకే వేడిలో ఉంటారు గనుక అక్కడే అది ఎక్కువ తడబడుతుంది. చలికి భయపడి కెమెరాను కిటికీ లోపల పెట్టుకునేవాళ్లున్నారు. ఒంటి వేడిని అద్దం దాటనివ్వదు, రాత్రిపూట కెమెరా పరారుణ దీపం అద్దం మీదే మెరుస్తుంది. రెండు విధాలా నష్టం.

ఆ దీపం బయటున్నా మంచు కురిసే రాత్రి ప్రతి రేణువూ తెల్లగా మెరిసి వెనకనున్నదాన్ని కప్పేస్తుంది. దీపాన్ని కెమెరాకు దూరంగా, విడిగా పెడితే నయం. కెమెరాను చూరు కింద బిగించండి గానీ, మంచుసూదులు వేలాడే అంచుకు దగ్గరగా వద్దు. బట్టలారబెట్టే యంత్రం ఆవిరి బయటికి వచ్చే గొట్టం పక్కన అసలే వద్దు. మామూలు పీవీసీ తొడుగున్న కేబుల్‌ను గడ్డకట్టే చలిలో వంచితే పగలవచ్చు. గోడ రంధ్రం చుట్టూ పూసే సీలెంటు కూడా చాలా రకాలు ఆ చలిలో సరిగా ఆరవు. నిచ్చెన వేసే పనేదో అక్టోబరులోనే కానివ్వాలి.